అద్దాల బీరువా తాళం

ఈ సెకండరీ బడిలో ఇరవై రెండేళ్ళుగా
నా చేతిలో ఉన్నవి రెండే:
ఒక తుడుపుకర్ర, అద్దాల బీరువా తాళంచెవి.
పేరు మాలకీ. పిల్లలకి మాల్‌ని.
అట్లాంటిక్ మీంచి వచ్చే వాన
ముందు మా కిటికీలని పలకరించి
తర్వాతే ఊళ్ళోకి వెళ్తుంది.

ఈ ఏడు బీరువాలో చోటు చాల్లేదు.
పదహారేళ్ళ లోపు అమ్మాయిల కమోగీ కప్పు
మే మొదటి శనివారం వచ్చింది,
వెంట బురద కూడా వచ్చింది, వరండా పొడుగునా.
ఒక్క పాయింటు తేడా.
ఆఖరి నిమిషంలో కర్ర విరిగితే
చేతిలో మిగిలిన సగంతోనే బంతిని నెట్టిందట
కెప్టెన్ సైవ్.
కప్పు మీద చెక్కినవాడు
ఆ పిల్ల పేరులో ఒక అక్షరం మింగేశాడు.
"మా పేర్లలో పలకని అక్షరాలే ఎక్కువ మాల్,
ఒకటి పోతే పోయింది" అని నవ్వింది.

దాని పక్కన గాజుపలక, మూడో బహుమతి.
ఫియాక్రా, డామిలోలా కలిసి
నలభై మూడు రోజులు గట్టు మీద తడుస్తూ
వానకి ముందు ఆవులు ఎటు తిరిగి నిలబడతాయో
నోటుపుస్తకంలో రాసుకున్నారు.
తేలిందేమిటంటే, ఆవులకీ తెలీదు.
డబ్లిన్‌లో జడ్జీలు చాలాసేపు నవ్వి,
ఆ తర్వాత నవ్వు ఆపి,
అంకెలు మళ్ళీ మొదట్నించీ చూశారట.

చదరంగం జట్టుకి ఒక తెల్ల శకటు లేదు.
క్యాంటీన్ ఉప్పుడబ్బా ఏడాదంతా దాని కొలువు చేసింది.
కౌంటీ పోటీలోనూ ఉప్పుడబ్బాతోనే ఆడతామని పట్టుబట్టారు.
ఒప్పుకోలేదు. ఓడిపోయారు.
తప్పంతా అసలు శకటుదేనని ఇప్పటికీ వాళ్ళ వాదన.

నాలుగో ఏడు పిల్లలు
సముద్రపు నాచుతో సబ్బులు చేసి అమ్మారు,
వచ్చిన డబ్బు లైఫ్‌బోటు వాళ్ళకి ఇచ్చారు.
అమ్ముడుపోని సబ్బు నాకిచ్చారు.
నా బకెట్టు ఇంకా ఆటుపోట్ల వాసనే.

కొర్నేలియా సంగతి ఎవరూ ఎక్కడా రాసుకోలేదు.
ఆ పిల్ల బస్సు అయిదున్నరకి గానీ రాదు.
జట్టులో లేదు, నాటకంలో లేదు,
హాల్లో పాత పియానో పక్కన కూర్చుని
లెక్కలు చేసుకునేది.
అక్టోబరులో ఒకరోజు వచ్చి అడిగింది,
"మాల్, నలుపలకల మేకుని పట్టే స్పానరుందా?"
దేనికని అడగలేదు. ఇచ్చాను.

ఆ చలికాలమంతా నేను నేల తుడుస్తుంటే
వెనక ఒకటే స్వరం:
టంగ్. టంగ్.
కొంచెం పైకి.
టంగ్.
పళ్ళ డాక్టరు ముందు నోరు తెరిచినట్టు
పియానో ఓపిగ్గా తెరుచుకుని ఉండేది.
ఒకసారి తీగ తెగి చెంప మీద గీరుకుపోయింది.
ప్లాస్టరు అడిగింది, అంతే.
మర్నాడు మళ్ళీ టంగ్.

బహుమతుల రాత్రి
ప్రిన్సిపల్ హెఫర్నన్ మేడం పేర్లు చదివారు,
తల్లులు తడి గొడుగులు ఒళ్ళో పెట్టుకునే
చప్పట్లు కొట్టారు.
మధ్యలో మూరిన్ పియానో వాయించింది.
పదేళ్ళుగా నడిమి మెట్టు ఒకటి
గొంతు పగిలిన పియానో అది.
ప్రతి ఏడూ పాట అక్కడికి రాగానే
అందరం ఊపిరి బిగబట్టి ఆ గుంట దాటేవాళ్ళం.
ఈసారి గుంట లేదు.
ఎవరికీ తెలియలేదు.
రోడ్డు బాగుంటే రోడ్డు మాట ఎవరెత్తుతారు?
తలుపు దగ్గర నేను,
ఆఖరి వరసలో కోటు విప్పని కొర్నేలియా,
ఆ స్వరం రాగానే ఇద్దరం ఒక్కసారే తలెత్తాం.
తను వెంటనే గోళ్ళు చూసుకుంది.

మర్నాడు స్పానరు తెచ్చిచ్చింది, తుడిచి మరీ.
"పైన రెండు స్వరాలు ఇంకా కుదర్లేదు,
సెప్టెంబరులో మళ్ళీ కావాలి."

ఇవాళ హెఫర్నన్ మేడం బీరువా ముందు ఆగారు.
కప్పు పక్కన స్పానరేమిటి మాల్?
తలుపు మర వదులైంది, బిగించాలి అన్నాను.
మూడు వారాలుగా
అడిగినవాళ్ళందరికీ అదే చెబుతున్నాను.